గడువు తీరింది అంకెకే, డబ్బుకు కాదు

కూచిపూడి పేరు చెబితే లోకానికి నాట్యం గుర్తొస్తుంది. రావలసిందే. అది మనకూ గర్వకారణమే. అయితే ఆ ఊరి చుట్టూ ఉన్న చేలల్లో తెల్లారగట్ల నుంచి పొద్దు వాలేదాకా నడుం వంచి వెనక్కి వెనక్కి అడుగులు వేసే ఆడకూలీలున్నారు. వాళ్ళ అడుగులకు తాళం వేసేవాళ్ళు లేరు. ఆ ముఠాలో ఒక పిన్నికి పోయిన నాట్ల కాలంలో జరిగిన సంగతి మొదట చెబుతాను. చిన్న సంగతే. కాని అది మన ఇళ్ళన్నిటిలోనూ జరుగుతున్నది.

ఆమె కొడుకు హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తాడు. డ్వాక్రా వాయిదాకని మూడు వేలు పంపాడు. పాత పద్ధతిలో కాదు. ఫోనులో నొక్కితే ఒక అంకె పుడుతుంది. ఆ అంకెను ఏటీఎం మిషనులో కొడితే కార్డు లేకుండానే రొక్కం వస్తుంది. పిన్ని దగ్గరున్నది బటన్ల ఫోను. మెసేజి వచ్చింది ఇంగ్లీషులో. అప్పుడు ఆమె మోకాలి లోతు బురదలో ఉంది. నాటు మధ్యలో గట్టెక్కితే ఆ రోజు కూలి పోతుంది. సాయంత్రం ఇంటికొచ్చి పక్కింటి బడిపిల్లాడి చేత చదివించుకుని బయల్దేరింది. ఊళ్ళో మిషను దగ్గరికి పోతే అందులో డబ్బు లేదు. ఆటో ఎక్కి పామర్రు పోయింది. అక్కడ అంకె కొడితే ‘కాలం చెల్లింది’ అన్నది మిషను.

మర్నాడు కూలి మానుకుని బ్యాంకుకు పోయింది. ఏ బ్యాంకో ఇక్కడ అనవసరం. కిటికీలో మనిషి తల ఎత్తకుండా, ‘గడువు అయిపోయిందమ్మా, మేమేం చెయ్యలేం’ అన్నాడు. అంతే, పిన్ని డబ్బు పోయిందనే అనుకున్నది. వాయిదా కట్టకపోతే గ్రూపులో మాట పడాలి. నూటికి నెలకు ఐదు రూపాయల వడ్డీకి మూడు వేలు తెచ్చింది. ఇచ్చినవాడు మొదటి నెల వడ్డీ నూట యాభై ముందే పట్టుకుని చేతిలో రెండు వేల ఎనిమిది వందల యాభై పెట్టాడు. తక్కువైన నూట యాభై కోసం మళ్ళీ ఇంకొకరి గడప తొక్కింది. మూడు రోజుల తర్వాత నాకు కనపడి, ‘నా కొడుకు చెమట మిషను మింగేసిందిరా అబ్బాయ్’ అన్నది.

నేను ఆ కుర్రాడికి ఫోను చేయించాను. ‘నీ ఖాతా ఒకసారి చూడు తమ్ముడూ’ అంటే చూశాడు. మూడు వేలూ అక్కడే ఉన్నాయి. అమ్మ తీసుకునే ఉంటుందని వాడూ, పోయాయని ఆమే! డబ్బు ఎక్కడికీ పోలేదు. పోయింది వడ్డీ, ఆటో కిరాయి, ఒక రోజు కూలి. కిటికీలో ఆ మనిషి ఇంకొక్క ముక్క చెప్పి ఉంటే ఇవి కూడా పోయేవి కావు. ‘గడువు తీరింది అంకెకమ్మా, డబ్బుకు కాదు. మీవాడి ఖాతాలోనే ఉంటుంది, ఇంకో అంకె పంపమను.’ ఈ ముక్కకు ఎంత ఖరీదవుతుంది?

కనుక ముందుగా తెలుసుకోవలసినవి తెలుసుకుందాం. ఈ రకం పద్ధతులు పదేళ్ళకు పైగా ఉన్నాయి. స్టేట్ బ్యాంకు 2019 మార్చిలో ‘యోనో క్యాష్’ పెట్టినప్పుడు అంకె వచ్చిన అరగంటలోగా మిషను దగ్గర పని ముగించుకోవాలన్నది. గడువు బ్యాంకును బట్టి మారుతుంది. కొన్ని గంటలుండవచ్చు, మర్నాటి దాకా ఉండవచ్చు. 2022 మేలో రిజర్వు బ్యాంకు అన్ని బ్యాంకుల ఏటీఎంలలోనూ యూపీఐ ద్వారా కార్డు లేకుండా రొక్కం తీసుకునే ఏర్పాటు చెయ్యవచ్చన్నది. అందులో మిషను తెర మీద కనపడే గళ్ళబొమ్మను ఫోనుతో పట్టుకోవాలి. అది నిలిచేది కొద్దిసేపే.

గడువు పెట్టడం తప్పని నేననను. అంకె తెలిసిన ఎవడైనా డబ్బు తీసుకోగలిగినప్పుడు అది నెలల తరబడి బతికి ఉంటే దొంగకే లాభం. గడువు అంకెకు తాళం. తాళం ఉండాల్సిందే. అయితే తాళం పడ్డాక లోపలున్న సొమ్ము ఎవరిది, దాన్ని ఎట్లా తీసుకోవాలి అన్నది చెప్పకపోవడమే మోసం.

అంకె వాడకుండానే గడువు తీరిపోతే సొమ్ము పంపినవాడిదే. కొన్ని బ్యాంకుల్లో అంకె పుట్టినప్పుడే ఖాతాలో అంత సొమ్ము పక్కన పెడతారు, గడువు తీరాక విడిచిపెడతారు. కొన్నిటిలో మిషను నోట్లు ఇచ్చేదాకా ఖాతాను ముట్టరు. ఎట్లాగైనా చూడవలసింది పంపినవాడి ఖాతాలో. తీసుకునేవాళ్ళు బ్యాంకు కిటికీ దగ్గర ఏడ్చినా లాభం లేదు, అక్కడ వాళ్ళ పేరున ఏమీ ఉండదు. పంపినవాడికి వెంటనే ఫోను చెయ్యాలి. అతను ఖాతాలో నిలవ చూసుకోవాలి. సొమ్ము ఉంటే కొత్త అంకె పుట్టించి పంపాలి. పాత అంకెను పదిసార్లు కొట్టినా అది బతకదు. ఈసారి, మిషనులో డబ్బుందని తెలుసుకుని, అమ్మ దాని దగ్గర నిలబడ్డాక అంకె పుట్టించడం మేలు. సొమ్ము తిరిగి రాకపోతే పంపినవాడే తన బ్యాంకులో ఫిర్యాదు రాయించి నంబరు తీసుకోవాలి.

రెండో రకం చిక్కు వేరు. అంకె పనిచేసింది, మిషను గరగరమన్నది, నోట్లు రాలేదు, ఖాతాలో మాత్రం సొమ్ము తగ్గింది. దీనికి రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరు 20న స్పష్టమైన ఉత్తర్వు ఇచ్చింది. ఆ రోజు తర్వాత ఐదు రోజుల్లోగా బ్యాంకు తనంతట తాను సొమ్ము తిరిగి జమ చెయ్యాలి. ఆ గడువు దాటితే రోజుకు నూరు రూపాయల చొప్పున పరిహారం కట్టాలి. అది కూడా మనం అడగకుండానే కట్టాలి. కార్డు లేకుండా తీసే పద్ధతికీ ఇది వర్తిస్తుంది. ఊళ్ళో వేలిముద్ర వేయించుకుని డబ్బిచ్చే చిన్న మిషన్లు కూడా ఈ ఉత్తర్వులో ఉన్నాయి. వచ్చిన చీటీ పారెయ్యవద్దు. చీటీ రాకపోతే మిషను ఏ ఊళ్ళోది, ఎన్ని గంటలకు అన్నది ఒక కాగితం మీద రాయించి పెట్టుకోండి.

మూడో రకం అన్నిటికన్నా చెడ్డది. ‘నేను తీసిపెడతా’నన్నవాడికి అంకె చెబుతాం, వాడు తీసుకుని ‘గడువు తీరిపోయింది’ అంటాడు. గడువు నిజంగా తీరిందో లేదో పంపినవాడి ఖాతా చెబుతుంది. అక్కడ సొమ్ము తగ్గి ఉంటే ఎవడో తీసుకున్నట్టే. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా బ్యాంకుకూ, 1930 నంబరుకూ ఫోను చెయ్యాలి. ‘గడువు తీరిన సొమ్ము తిరిగి ఇప్పిస్తాం, నంబర్లు చెప్పండి’ అని ఫోను చేసేవాడు కూడా ఈ జాతివాడే. గడువు తీరిన సొమ్ము తిరిగి రావడానికి ఎవరికీ ఏ నంబరూ చెప్పనక్కరలేదు.

బ్యాంకు 30 రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చెయ్యవచ్చు. దేశమంతటికీ ఒకే అంబుడ్స్‌మన్ పద్ధతి 2021 నవంబరు 12న మొదలైంది. ఫీజు లేదు, ప్లీడరు అక్కరలేదు. 14448కి ఫోను చేస్తే వివరాలు చెబుతారు.

ఇక అసలు విషయానికి వస్తాను. మన పల్లెల్లో ‘గడువు తీరింది’ అన్న మాట వినగానే చేతులు ముడుచుకునే అలవాటు ఎందుకు వచ్చింది? గడువు ఎప్పుడూ మన మీదే పెట్టారు గనక. వాయిదా గడువు, వడ్డీ గడువు, దరఖాస్తు గడువు, కాలవకు నీళ్ళు కట్టేసే గడువు. ఇవన్నీ మనకే. గడువు అవతలివాడి మీద కూడా ఉంటుందని మనకెవరూ చెప్పలేదు.

మిషనులో డబ్బు లేకపోవడం దైవికం కాదు. 2021 అక్టోబరు 1 నుంచి అమలైన రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఒక ఏటీఎం నెలలో మొత్తం పది గంటలకు మించి ఖాళీగా ఉంటే ఆ బ్యాంకుకు పది వేల రూపాయల జరిమానా. అంటే మిషను ఖాళీగా ఉండటం నేరమే. ఆ సాయంత్రం ఊళ్ళో మిషనులో నోట్లు ఉండి ఉంటే పిన్ని అంకెకు గడువు తీరేదా? అవతలివాడు తన గడువు దాటాడు. శిక్ష ఆమెకు పడింది.

చెక్కు సంగతి చూడండి. 2012 ఏప్రిల్ నుంచి చెక్కుకు మూడు నెలలే గడువు. మూడు నెలలు దాటితే చెక్కు మురిగిపోతుంది, బాకీ మురగదు. షావుకారు ఇంకో చెక్కు రాయించుకుంటాడు. పదేళ్ళు ఎవరూ ముట్టని డిపాజిట్లను బ్యాంకులు రిజర్వు బ్యాంకు దగ్గరున్న ఒక నిధికి పంపాలని 2014లో పథకం వచ్చింది. అట్లా పంపాక కూడా ఖాతాదారు గాని, వారసుడు గాని వచ్చి అడిగితే బ్యాంకు ఇవ్వాలి. పదేళ్ళు మరిచిపోయిన సొమ్మే సొంతదారుది అయినప్పుడు, నాలుగు గంటలు ఆలస్యమైన సెంట్రింగు కూలీ సొమ్ము ఎట్లా పోతుంది?

ఇంకో లెక్క చెబుతాను. 2005 ఉపాధి హామీ చట్టం పదిహేను రోజుల్లో కూలి ఇవ్వాలన్నది. ఆలస్యమైతే రోజుకు నూటికి ఐదు పైసల పరిహారం. 2024–25లో మన రాష్ట్రంలో ఆ కూలి రోజుకు 300 రూపాయలు. ఆరు రోజులకు 1,800. దాని మీద రోజుకు వచ్చే పరిహారం తొంభై పైసలు! అదే 1,800 ఏటీఎంలో ఇరుక్కుంటే రోజుకు నూరు రూపాయలు. రెండూ ఆ మనిషి డబ్బులే. బ్యాంకు ఆపితే నూరు, సర్కారు ఆపితే తొంభై పైసలు. 2024 జనవరి 1 నుంచి ఆధారు జత లేకపోతే కూలి పడదన్నారు. అచ్చులో ఒక అక్షరం తేడా వచ్చినా కూలి వెనక్కి పోయింది. 2025 డిసెంబరులో ఆ చట్టాన్నే తీసేసి దాని స్థానంలో వేరే చట్టం ఆమోదించారు. పేరు మారినా, ఇవ్వవలసినవాడి గడువు ఎంత, అది దాటితే శిక్ష ఎంత అన్న ప్రశ్న మాత్రం మారలేదు.

గడువులు మారవా అంటే మారతాయి. 2024 ఎన్నికల ముందు పింఛన్లు ఇంటికి రాక, ఏప్రిల్లో సచివాలయాల దగ్గర, మేలో బ్యాంకుల దగ్గర ముసలివాళ్ళు మండుటెండలో పడిగాపులు పడ్డారు. అప్పటిదాకా ఏ నెల పింఛను ఆ నెల తీసుకోకపోతే అది పోయినట్టే. ఆస్పత్రిలో ఉన్నా, కూతురింటికి పోయినా పోయినట్టే. జనం అడగ్గా అడగ్గా 2024 చివరలో రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇచ్చే పద్ధతి వచ్చింది. ‘పోయింది’ అన్న డబ్బు కలిపి ఇవ్వడం సాధ్యమేనని అప్పుడు తేలింది.

కొందరు పెద్దవాళ్ళు, ‘ఈ ఫోన్ల గొడవ ఎందుకు, మనియార్డరే నయం’ అంటారు. మనియార్డరులో ఇరవై రూపాయలకు రూపాయి కమీషను పోయేది, రోజుల తరబడి ఎదురుచూసేవాళ్ళం. ఆ రోజులు తిరిగి రావాలని నేను కోరను. కాని పోస్టుమేన్ డొంక దాటి పేటలోకొచ్చి, పేరు పెట్టి పిలిచి, సాక్షి చేత సంతకం పెట్టించి, వేలిముద్ర వేయించుకుని నోట్లు లెక్కపెట్టి ఇచ్చేవాడు. మనిషి దొరక్కపోతే డబ్బు పంపినవాడికే తిరిగి పోయేది. ఆ సంగతి ఊరందరికీ తెలుసు. ఇప్పుడు కూడా జరిగేది అదే, చెప్పే మనిషి మాత్రం లేడు. మిషను వచ్చినందుకు కాదు మన బాధ, మిషనును చూపించి మనిషిని తీసేసినందుకు.

అందుకని మనం అడగవలసినవి పెద్ద కోరికలేమీ కావు. అంకె వచ్చే మెసేజి తెలుగులో ఉండాలి. ఎన్ని గంటల దాకా పనిచేస్తుందో అందులో రాయాలి. గడువు తీరితే సొమ్ము పంపినవారి ఖాతాలోనే ఉంటుందని ఇంకో మెసేజి ఇద్దరికీ రావాలి. కూలికి పోయేవాళ్ళు చేను దిగేది సాయంత్రం గనక గడువు కనీసం మర్నాటి దాకా ఉండాలి, పంపినవాడు కావాలనుకుంటే మధ్యలో రద్దు చేసుకునే వీలుండాలి. ప్రతి మిషను మీద 14448 నంబరు, రోజుకు నూరు రూపాయల నిబంధన, ఖాళీ మిషనుకు జరిమానా సంగతి కంటికి ఆనే అక్షరాల్లో రాయాలి.

ఇవి వచ్చేదాకా మన పని మనం చేసుకోవాలి. కూచిపూడి, మొవ్వ, పామర్రు పక్క ప్రతి ముఠాలో చదువుకున్న కుర్రాడినో అమ్మాయినో ఒకరిని పెట్టుకుందాం. ‘కాలం చెల్లింది’ అని వస్తే ముందు వడ్డీ వ్యాపారి ఇంటికి కాదు, వాళ్ళ దగ్గరికి పోవాలి. మినుములు పీకే రోజులకల్లా ఈ నాలుగు ముక్కలు ప్రతి గట్టు మీదా తెలియాలి.

పిన్ని అప్పు తీర్చింది. ముందే పట్టుకున్న నూట యాభై మాత్రం తిరిగి రాలేదు. దాన్ని రాబట్టే నిబంధన ఏ బ్యాంకు ఉత్తర్వులోనూ లేదు. ఇంకొకరి ఇంట్లో నుంచి అట్లాంటి నూట యాభై పోకుండా చూడటం మన చేతుల్లో ఉన్నది.