ఓపీ చీటీ ఒక్కటే ఉండాలి

హైదరాబాదులో ‘నిన్ను ఎర్రగడ్డకు పంపాలి’ అంటే తిట్టు, మానసిక చికిత్సాలయం ఉన్నది అక్కడే కాబట్టి. ఛాతీ ఆసుపత్రీ అక్కడే ఉంది, దాని పేరు పెట్టి ఎవరూ ఎవరినీ తిట్టరు. ఆ ముద్రకు భయపడే ఎన్నో కుటుంబాలు మొక్కులు, తాయెత్తులు అన్నీ అయ్యాక గానీ మానసిక చికిత్సాలయం గేటు దాటవు.

‘గుండె దడ, ఒళ్లంతా మంటలు, నిద్ర పట్టదు’ అని చెప్పుకుంటూ దగ్గర్లోని ఏరియా ఆసుపత్రికి మాత్రం ఏ సంకోచమూ లేకుండా వెళ్తారు. ఈసీజీ బాగానే ఉంటుంది. బీ కాంప్లెక్స్ మాత్రలు రాసి పంపుతారు. నెల తిరక్కుండా మళ్లీ అదే వరుసలో నిలబడతారు. పక్క గదిలోనే మానసిక వైద్యుడుంటే ఎంత తిరుగుడు తప్పేది!

ఇదేం కొత్త ఆలోచన కాదు. 1933లోనే కలకత్తాలో, ఇప్పటి ఆర్‌.జి.కర్ ఆసుపత్రిలో గిరీంద్రశేఖర్ బోస్ మానసిక వైద్యానికి ఓపీ తెరిచారు. 1980లలో జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ బళ్లారి జిల్లా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల సిబ్బందికి శిక్షణనిచ్చి, పల్లెలోనూ ఈ వైద్యం సాధ్యమేనని చూపింది. 1996లో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే ఒరవడి. 2015-16 జాతీయ సర్వేలో పెద్దల్లో 10.6 శాతం మందికి మానసిక రుగ్మతలున్నట్టు తేలింది. వారిలో అత్యధికులకు వైద్యమే అందలేదు. అన్ని స్థాయుల ఆసుపత్రుల్లోనూ ఈ సేవలను కలిపెయ్యాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 18వ సెక్షన్ స్పష్టంగా చెప్పింది.

అన్నిటికన్నా ముందు కలపాల్సింది విషం కేసుల వార్డులో. పురుగుమందు తాగిన కౌలురైతును తీసుకురాగానే కడుపు కడుగుతారు, అట్రోపిన్ ఎక్కిస్తారు, గంటగంటకూ కంటిపాప చూస్తారు. జూనియర్ డాక్టర్లు రాత్రంతా మేలుకుని ప్రాణం నిలబెడతారు. ‘ఎందుకు తాగావు?’ అని అడిగేది మాత్రం చాలాచోట్ల వాంగ్మూలం రాసుకునే కానిస్టేబులే. ఆ మనిషి అప్పుడు కడుపునొప్పి భరించలేక తాగానంటాడు, కాగితంలో అదే రాస్తారు. మంచం పక్కన నిలబడ్డ భార్యకు అసలు సంగతి తెలుసు, ఆమెనెవరూ అడగరు. ఆత్మహత్యకు ప్రయత్నించినవారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నారనే భావించి, చికిత్స, పునరావాసం ప్రభుత్వమే కల్పించాలని అదే చట్టం 115వ సెక్షన్ అంటోంది.

కాబట్టి ఆ వార్డుకు రోజూ ఒక మానసిక వైద్యుడో, శిక్షణ పొందిన కౌన్సెలరో రావాలి. మందులు అదే ఫార్మసీ కిటికీలో దొరకాలి. డిశ్చార్జి కాగితంలో రక్తపరీక్షకు ఎప్పుడు రావాలో రాసే చోటే, కూర్చుని మాట్లాడటానికి ఎప్పుడు రావాలో, ఎవరిని కలవాలో కూడా రాసి ఇవ్వాలి. దాంతోపాటు ఫోనులో మానసిక సాయం అందించే ప్రభుత్వ సేవ టెలీ మానస్ నంబరు 14416ను భార్య ఫోనులో అక్కడికక్కడే సేవ్ చేసి పంపాలి.