బతికిండు, అదే చాలా?



మెదడువాపు జ్వరం గురించి మాట్లాడినప్పుడు అందరూ చనిపోయినవాళ్ళనే లెక్కబెడతరు. బతికినవాళ్ళ సంగతి ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలకు ఈ జబ్బు వచ్చింది. 183 మంది చనిపోయారు. కరీంనగర్, వరంగల్ జిల్లాల్లో ఎక్కువ. చాందీపురా వైరస్ కారణమని పుణేలోని జాతీయ వైరాలజీ సంస్థ చెప్పింది. దాన్ని ఇసుక ఈగ తెస్తుంది. దోమకన్నా చిన్నది. మట్టిగోడల నెర్రెల్లో, పశువుల కొట్టాల కాడ ఉంటది. మన ఇండ్లు అట్లాంటివే కదా! 2024లో గుజరాత్‌లో కూడా ఇదే వచ్చింది.

జపనీస్ మెదడువాపు వేరే. వరిమడి నీళ్ళల్ల పెరిగే దోమ వల్ల వస్తుంది. మన బాన్సువాడ చుట్టూ నిజాంసాగర్ కాలువ కింద అంతా వరే. దీనికి టీకా ఉంది. చాందీపురాకు లేదు.

వైరస్ మెదడుకు చేరితే మెదడు ఉబ్బుతుంది. పుర్రె గట్టిది, సాగదు. లోపల మెదడు నలుగుతుంది. మాట, నడక అన్నీ మెదడు చేతిలోనే ఉన్నాయి. జపనీస్ మెదడువాపు వచ్చి బతికినవాళ్ళలో నూటికి 30 నుంచి 50 మందికి ఏదో ఒక లోపం మిగులుతుంది.

మా ఊళ్ళో రెండో తరగతి పిల్లగానికి జ్వరంతో ఫిట్స్ వచ్చినయి. చేతిల తాళంచెవి పెట్టిండ్రు, దిష్టి తీసిండ్రు, తెల్లారేదాక ఆగిండ్రు. బతికిండు గాని మాట పోయింది, కుడిచెయ్యి లేవదు. "బతికిండు, అదే చాలు" అన్నరు. బడిల పేరు తీసేసిండ్రు.

పెద్దోళ్ళను నేను తిట్టను. వాళ్ళకు చెప్పినోళ్ళు లేరు. చదువుకుంటున్నం కాబట్టి మనమే చెప్పాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పండబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి. ఒక్క రాత్రి కూడా ఆగొద్దు.

ఇంకొక మాట. ఇట్లాంటి పిల్లలకు 18 ఏండ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కు 2016 చట్టంలో ఉంది. కాబట్టి పేరు తీసేయడం తప్పని నా అభిప్రాయం. మొన్న సెలవులల్ల వానికి పలక ఇచ్చిన. చాలాసేపు చూసి ఎడమచేత్తో 'అ' రాసిండు. వంకరగా ఉంది గాని 'అ'నే.

మీ ఊళ్ళల్ల ఇట్లాంటి పిల్లలు ఉన్నరా? ఉంటే వచ్చే నెల పత్రికకు రాయండి.

– 9వ తరగతి విద్యార్థిని