పద్మాక్షి గుట్ట మీద మైలమ

సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం హన్మకొండ పద్మాక్షి గుండం దగ్గర కాలు పెట్టే సందుండదు. తంగేడు, గునుగు పూలతో పేర్చిన బతుకమ్మలను నడుమ పెట్టి ఆడవాళ్లు చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతారు. చీకటి పడ్డాక నీళ్లలో సాగనంపి ఇంటిదారి పడతారు. పక్కనే ఉన్న గుట్ట మీద నాలుగు పలకల నల్లరాతి స్తంభం ఒకటుంది. దాని మీది శాసనం 1117 నాటిది. కాకతీయ రాజు రెండో ప్రోలరాజు మంత్రి బేతన భార్య మైలమ అక్కడ కడలాలయ బసది అనే జైన ఆలయం కట్టించి, దానికి భూమి కూడా ఇచ్చింది. ఇన్ని వేలమందిలో ఆమె పేరు ఎందరికి తెలుసు?

ఓరుగల్లు ఆడవాళ్ల చరిత్ర అంటే మనకు రుద్రమదేవి ఒక్కరే. ఆమె గొప్పతనానికి వంక పెట్టేవారెవరూ లేరు. అయితే ఆమెను ఒంటరి మెరుపులా చెప్పుకుని మిగతా వాళ్లను మరిచిపోయాం. ఇది అన్యాయం.

అసలు కాకతీయ రాజ్యం నిలబడిందే ఒక స్త్రీ పూనికతో. గుండరాజు చనిపోయేనాటికి కొడుకు బేతరాజు పసివాడు. విరియాల ఎర్రన భార్య కామసాని ఆ పిల్లవాడి పక్షాన చాళుక్య చక్రవర్తిని ఒప్పించి అతనికి రాజ్యం ఇప్పించింది. జనగామ జిల్లా గూడూరు శాసనం ఈ సంగతిని తెలుగు పద్యాల్లో చెబుతోంది. ఆమె పట్టుబట్టకపోతే గణపతిదేవుడెక్కడ, రామప్ప గుడి ఎక్కడ?

గణపతిదేవుడి సోదరి మైలాంబ బయ్యారం పెద్దచెరువు కట్టించింది. అక్కడ వేయించిన శాసనంలో తన పుట్టింటి వంశాన్ని వెన్నరాజు మొదలుకొని వరసగా చెప్పించింది. కాకతీయుల తొలి తరాల గురించి చరిత్రకారులు ఇప్పటికీ ఆ రాయినే ఆశ్రయిస్తారు. ఆ చెరువు కింద నేటికీ వరి పండుతోంది.

రుద్రమ తోబుట్టువు గణపాంబ, భర్త కోట బేతరాజు పోయాక, ధరణికోట సీమను తానే ఏలింది.

“కాకతీయులు చెరువులు తవ్వించారు” అని చదువుకునే పిల్లలకు ఆ మాటలో మగవాళ్లే కనిపిస్తారు. పాఠంలో ఆ వాక్యం పక్కనే మైలాంబ పేరు, కామసాని పేరు రావాలి. ఈసారి బతుకమ్మకు పద్మాక్షి గుండానికి వెళ్లేవాళ్లు కాస్త ముందుగా బయల్దేరండి. ఆడపిల్లల్ని గుట్ట పైదాకా తీసుకెళ్లి ఆ స్తంభం చూపించండి. మైలమ పేరు చెప్పండి.