పేరు లేని గడి

కంప్యూటర్లో దరఖాస్తు నింపుతున్నప్పుడు ఏదైనా తేడా వస్తే ఇంట్లో మొదట వినిపించే మాట 'ఏం నొక్కావ్?' అని. తప్పు ఆ దరఖాస్తు తయారుచేసిన వాళ్లది కావచ్చునన్న అనుమానం ఒక్కరికీ రాదెందుకో!

మొన్న మా తోటికోడలు కుటుంబ సభ్యుల వివరాలు నింపుతోంది. నలుగురికి గడులు ముందే తెచ్చుకుని, పేర్లూ పుట్టినతేదీలూ కొట్టి, అత్తగారి కోసం 'మరొకరిని చేర్చు' నొక్కింది. కొత్త గడి వచ్చింది. నింపిన నలుగురూ మాయం! మరిది విసుక్కున్నాడు. ఆవిడ చిన్నబుచ్చుకుంది.

అసలు జరిగేదేమిటంటే, పేజీలో అప్పటికప్పుడు గడులు చేర్చే పని జావాస్క్రిప్టుది. ఒక్క కొత్త గడిని తయారుచేసి చివర తగిలించవచ్చు. అలా కాకుండా ఉన్న భాగమంతా తీసేసి, కొత్తదానితో కలిపి మళ్లీ రాసేయనూ వచ్చు. రెండోది సులువని కొందరు అదే చేస్తారు. ఒక గిన్నె పెట్టడానికి అరమీద గిన్నెలన్నీ పారేసి, అలాంటివే కొత్తవి సర్దినట్టు. పాత గిన్నెల్లో పప్పు ఏమైందని అడక్కూడదు!

ఒకప్పుడు బ్రౌజర్ల గొడవ కూడా ఉండేది. నెట్‌స్కేప్‌ది ఒక దారి, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ది ఒక దారి. 1998లో అందరికీ ఒకే పద్ధతి రాసిపెట్టారు. అయినా ఎక్స్‌ప్లోరర్ 6, 7లలో పట్టికకు నేరుగా చేర్చిన వరుస కంటికి కనిపించేది కాదు. 'అవును', 'కాదు' అనే గుండ్రటి గుర్తులు చేర్చి, తర్వాత వాటికి పేరు పెడితే ఎంత నొక్కినా పడేవి కావు. అది 2009లో వచ్చిన 8తో సర్దుకుంది. ఆ ఎక్స్‌ప్లోరర్‌కే 2022 జూన్‌లో సెలవిచ్చేశారు. ఇంక సాకేముంది?

ఇంకో సంగతి. లోపల పేరు పెట్టని గడిలో మనం ఎంత రాసినా అది అవతలికి వెళ్లదు. తెరమీద నిండుగా కనిపిస్తుంది, అంతే. కథలు రాసేదాన్ని కదా, పేరు లేకపోతే లెక్కలోకే రాదన్న ఈ నియమం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

పిల్ల బడి దరఖాస్తులో, అత్తగారి బీమా కాగితంలో ఒక్క పేరు జారిపోతే తిరగాల్సింది మనమే. అందుకే తయారుచేసే వాళ్లను అడుగుతున్నాను: నలుగురిని నింపి, ఐదోవారిని చేర్చి, మధ్యలో ఒకరిని తీసేసి చూడండి. మీ బల్లమీదున్న క్రోమ్‌లోనే కాదు, ఫైర్‌ఫాక్స్‌లోనూ, ఐఫోన్ సఫారీలోనూ. పంపేముందు చేరిన పేర్లన్నీ ఒకసారి మాకు చూపించండి. కూరలో ఉప్పు చూడకుండా మేం వడ్డిస్తే ఊరుకుంటారా?