లంగా అంచు ఎందుకు వంకర పోయింది?



బతుకమ్మ పండుగ దగ్గర పడిందంటే మా హుజూరాబాద్‌లో దర్జీలకు అన్నం తినే తీరిక కూడా ఉండదు. వాళ్ళ దగ్గర పని తెమలదని ఇంట్లోనే లంగాలు కుట్టుకునే తల్లులూ ఉన్నారు. అట్లా ఇంట్లో కుట్టిన ఒక లంగా సంగతి ఈ నెల చెబుతాను. మగపిల్లలు పేజీ తిప్పెయ్యకండి సుమా! ఇందులో లెక్క ఉన్నది.

1991లో నేను ఒక పల్లెటూరి బడిలో అయిదో తరగతికి పాఠాలు చెబుతుండేవాణ్ణి. పండుగ ముందు ఒకనాడు ఒక పిల్ల కొత్త లంగా కట్టుకుని వచ్చింది. అడుగున బెత్తెడు జరీ అంచు. కాని ఆ అంచు ఒక పక్క నేలను రాస్తున్నది, ఇంకొక పక్క చీలమండ కనబడేట్టు లేచి ఉన్నది. నేను ఊరుకోక, "ఏమమ్మా, లంగా వంకరగా కుట్టారే!" అన్నాను. తరగతి గొల్లుమన్నది.

"మా అమ్మ మంచిగనే కొలిచింది సార్" అన్నది ఆ పిల్ల, తల వంచుకుని. మరునాడు పాత లంగాతో వచ్చింది.

రెండు రోజులకు తల్లే ఆ లంగా పట్టుకుని బడికి వచ్చింది. నా బల్ల మీద పరిచి, నడుము పట్టీ నుంచి అంచు దాకా టేపుతో కొలిచి చూపింది. ఎక్కడ కొలిచినా ఒకటే కొలత! మరి వంకర ఎక్కడి నుంచి వచ్చినట్టు?

ఆ పిల్లకు పసితనంలో పోలియో వచ్చి ఎడమ కాలు కొంచెం పొట్టిదయింది. (సహజ పోలియో వైరస్ వల్ల మన దేశంలో చివరి కేసు 2011లో కనిపించింది. కనుక మీ తోటివాళ్ళలో ఇట్లాంటి పిల్లను మీరు చూసి ఉండరు.) కాలు సంగతి నాకు తెలుసు. లంగాకూ దానికీ సంబంధం ఉన్నదని మాత్రం తోచలేదు. ఊళ్ళో ఒక ముసలి దర్జీని అడిగితే, "నడుము నుంచి కాదు సార్, నేల నుంచి కొలవాలె" అన్నాడు.

నిజమే. ఒక కాలు పొట్టిదయితే నడుము ఆ పక్కకు వాలుతుంది. నడుముకు వేలాడే లంగా కూడా ఆ పక్క కిందికి దిగుతుంది.

మరునాడు తరగతిలో నా తప్పు ఒప్పుకుని, స్కేలూ సుద్దముక్కా ఇచ్చాను. నవ్విన ఆడపిల్లల్లోనే ఇద్దరు కొలిచారు. లంగా కట్టుకున్న పిల్ల చెప్పులు విడిచి, చదునైన గచ్చు మీద నిలబడింది. వంగి చూసుకోరాదు, వంగితే ముందు అంచు దిగి వెనుక అంచు లేస్తుంది. ఆమె తిరగనూ రాదు, కొలిచేవాళ్ళే చుట్టూ తిరగాలి. స్కేలును నిలువుగా పెట్టి, నేల నుంచి 15 సెంటీమీటర్ల ఎత్తున, జానెడుకొక చుక్క పెట్టారు. చుక్కలన్నీ కలిపితే నేలకు సమంగా ఒక గీత వచ్చింది.

ఇక లెక్క చూడండి. అంచు నేలకు 5 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలనుకున్నాం. అప్పుడు గీత నుంచి అంచు దాకా అంతటా 10 ఉండాలి. కుడి పక్క 10 ఉన్నది. ఎడమ పక్క 13 వచ్చింది! అంటే అక్కడ 3 ఎక్కువ దిగిందన్నమాట.

సాదా బట్ట అయితే కింద మడిచి కుట్టేయవచ్చు. జరీ అంచును మడుస్తామా? స్కాట్లాండు మగవాళ్ళు కట్టే కిల్టుదీ ఇదే చిక్కు. పెద్దవాళ్ళ కిల్టుకు సుమారు 8 గజాల గళ్ళ ఉన్నిబట్ట పడుతుంది. దాని అడుగున మడత కుట్టు ఉండదు, మగ్గం మీద వచ్చిన నేత అంచునే అట్లా ఉంచేస్తారు. కనుక పొడుగు సంగతి నడుము దగ్గరే చూసుకోవాలి.

(గుండ్రంగా కత్తిరించే గొడుగు లంగా వంకర పోవడానికి కారణం వేరు. మీ చేతిరుమాలును పడుగు వెంట లాగండి, సాగదు. మూల నుంచి మూలకు లాగండి, సాగుతుంది. గొడుగు లంగాలో నాలుగు చోట్ల బట్ట అట్లా ఏటవాలుగా వేలాడుతుంది. అందుకే దాన్ని ఒక రాత్రి తగిలించి ఉంచి, సాగినంత సాగనిచ్చి, ఆ తరువాత అంచు కుట్టాలి.)

ఆ తల్లి నడుము పట్టీ విప్పింది. ఎడమ పక్క 3 సెంటీమీటర్లు పైకి తీసి, కుడి పక్కకు వచ్చేసరికి ఏమీ లేకుండా తగ్గించుకుంటూ వచ్చింది. బట్ట కత్తిరించలేదు. ముందు కచ్చా కుట్లు వేసి, పిల్లకు కట్టి, మళ్ళీ నేల నుంచి కొలిచి, అప్పుడే గట్టి కుట్టు వేసింది.

సద్దుల బతుకమ్మనాడు ఆ పిల్ల తంగేడుపూల చుట్టూ తిరిగి చప్పట్లు కొడుతుంటే చూశాను. అంచు గీత గీసినట్టున్నది.

సెలవుల తరువాత ఆ పిల్ల లంగా తెచ్చి నా బల్ల మీద పరిచింది.

"చూడుండ్రి సార్, ఇప్పుడు బల్ల మీద వంకరున్నది!" అని పకపకా నవ్వింది.