ఎస్టీపీ నీళ్లకు ఎండే మందు అవుతుందా?

హైదరాబాద్: మూసీ వెంట పీర్జాదిగూడ వైపు వెళ్తే పచ్చటి పారా గడ్డి కనిపిస్తుంది. ఆ గడ్డి పశువుల పాకలకు, అక్కడి పాలు సిటీ ఇళ్లలో చాయ్‌కు చేరతాయి. ఆకుకూరలు కూడా ఈ నీటితో పండుతాయి. అందుకే మురుగునీటిని శుద్ధి చేశాక అందులో క్రిములు ఎన్ని మిగిలాయి అన్నది ప్రతి వంటింటి సమస్యే.

ఎస్టీపీలో మలినం చాలావరకు పోతుంది, క్రిములు మాత్రం పూర్తిగా పోవు. అందుకే చివర్లో క్లోరిన్ కలుపుతారు. అది చవక. కానీ నులిపురుగుల గుడ్ల మీద పెద్దగా పనిచేయదు. నీటిలో మిగిలిన సేంద్రియ పదార్థంతో కలిస్తే హానికర రసాయనాలు కూడా పుడతాయి.

మరి ఎండతో పని జరగదా? 1980 ప్రాంతంలో బీరూట్‌లోని అమెరికన్ యూనివర్సిటీలో ఆఫ్తిమ్ అక్రా బృందం సీసాల్లో నీళ్లను ఎండలో పెట్టి బ్యాక్టీరియా చస్తుందని చూపించింది. అయితే అక్కడ పనిచేసింది ముఖ్యంగా వెలుతురు. నీళ్లు మసకగా ఉంటే వెలుతురు లోపలికి దిగదు, వేడికి ఆ ఇబ్బంది లేదు. మరిగించాల్సిన అవసరం కూడా లేదు. 65 డిగ్రీల దగ్గర కొన్ని నిమిషాలు ఉంచితే రోగాలు తెచ్చే క్రిములు దాదాపు చస్తాయి.

అసలు చిక్కు లెక్కలో ఉంది. వెయ్యి లీటర్లను 25 నుంచి 65 డిగ్రీలకు తేవాలంటే 46 యూనిట్లకు పైగా శక్తి కావాలి. చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్ల ఎండ పడి, సగం పట్టుకోగలిగినా వేడయ్యేది 50 లీటర్లకు కాస్త ఎక్కువ. అంబర్‌పేట ఎస్టీపీ సామర్థ్యం రోజుకు 33.9 కోట్ల లీటర్లు. ఈ లెక్కన 1,500 ఎకరాల ప్యానెళ్లు పరచాలి. అయ్యే పని కాదు.

చిన్న చోట కథ వేరు. వేడెక్కి బయటికొచ్చే నీటితో లోపలికొచ్చే చల్లనీటిని వేడి చేస్తే, ఐదింట నాలుగు వంతుల వేడి తిరిగి వాడుకోవచ్చు. అప్పుడు 20 వేల లీటర్లకు 75 చదరపు మీటర్లు చాలు. ఒక అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద, ఒక కూరగాయల తోట పక్కన ఇది సాధ్యమే.

పరిమితులూ ఉన్నాయి. ముసురు రోజుల్లో వేడి చాలదు, క్లోరిన్ తోడు ఉండాల్సిందే. వేడి చేసిన నీటిని మురికి ట్యాంకులో పోస్తే క్రిములు మళ్లీ పెరుగుతాయి. ఫ్యాక్టరీల రసాయనాలు, లోహాలు వేడికి పోవు.

ఇలాంటి నీళ్లు పాకేనా అని చాలామంది అడుగుతారు. రంగు, రుచి, వాసన పోయేంతగా శుద్ధి జరిగితే వజూకు వాడొచ్చని సౌదీ ఉలమాల మండలి 1978లోనే చెప్పింది, ఆరోగ్యానికి హాని ఉండకూడదని కూడా గుర్తుచేసింది. అయితే కంటికి, ముక్కుకు తెలియని క్రిములను ల్యాబ్ పరీక్షే పట్టగలదు.

కాబట్టి అపార్ట్‌మెంట్ మీటింగ్‌లో అడగాల్సిన ప్రశ్న ఒకటే: మన ఎస్టీపీ నీటిని చివరిసారి ఎప్పుడు టెస్ట్ చేయించారు? రిపోర్టు చూశాకే ఎండా, క్లోరినా అన్న మాట.