మిషన్ బడి గేటు ఎవరికి తెరుచుకుంటుంది?

మెట్టుగూడ: బడులు తెరిచే రోజులు దగ్గర పడితే సికిందరాబాదు ప్రాంతంలోని క్రైస్తవ పాఠశాలల వద్ద పల్లెల నుంచి వచ్చిన తల్లిదండ్రులు కూడా కనిపిస్తారు. పేదలకు 25 శాతం సీట్లు ఇవ్వాలని చట్టం ఉంది కదా అన్నది వారి ధీమా. 2009 నాటి విద్యాహక్కు చట్టంలో ఆ మాట ఉన్నది నిజమే. అయితే మైనారిటీ విద్యాసంస్థలకు ఆ చట్టం వర్తించదని 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. కనుక ఈ గేట్ల వద్ద ఆ హక్కు చెల్లదు.

ఈ బడులు నిన్న మొన్నటివి కావు. హైదరాబాదు అబిడ్స్‌లోని సెయింట్ జార్జి గ్రామర్ స్కూలు 1834 నాటిది. సికిందరాబాదు సెయింట్ ఆన్స్ 1871లో మొదలైంది. లోపలికి ఎవరిని రానివ్వాలన్న తగాదా కూడా అంత పాతదే.

బందరులో రాబర్టు నోబుల్ దొర 1843లో ఇంగ్లీషు బడి పెట్టాడు. పెద్ద కులాల పిల్లలకు చదువు చెబితే వారి ద్వారా మతం కిందికి దిగుతుందని ఆయన లెక్క. అందుకని మాల మాదిగ పిల్లలను చేర్చుకోలేదు. సమానత్వం బోధించే మతం వారి బడిలోనే ఈ కట్టడి! 1852లో ఇద్దరు విద్యార్థులు బాప్తిస్మం తీసుకోగానే తల్లిదండ్రులు తమ పిల్లలను మాన్పించారు. అయినా ఇంగ్లీషు వస్తే సర్కారు కొలువు దొరుకుతుంది గనుక బడి మళ్లీ నిండింది. తర్వాత నోబుల్ కళాశాల అయింది.

ఒంగోలులో క్లౌ దొర దారి వేరు. 1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ పని ఇప్పించి మాదిగలకు కూడు పెట్టాడు. అక్కడి మిషన్ బడులు ఆ గూడేల పిల్లలతోనే నడిచాయి. గుర్రం జాషువా ఉపాధ్యాయుడుగా పనిచేసింది గుంటూరులోని లూథరన్ మిషన్ పాఠశాలలోనే. ఉదయం గంట, ప్రార్థన, బైబిలు పాఠం, ఆ తర్వాత లెక్కలు - హాస్టలులో ఉండి అలా చదివి మేష్టర్లు, నర్సులు అయినవారు మన పల్లెల్లో ఎందరో.

నాడు కులం అడ్డుపడితే నేడు ఫీజు అడ్డుపడుతోంది. మైనారిటీల హక్కును రాజ్యాంగం 30వ అధికరణం కాపాడుతుంది. అది కాదనలేనిది. కానీ మైనారిటీలోని పేదకే అందులో సీటు దొరక్కపోతే ఆ రక్షణ ఎవరి కోసం? 2014 తీర్పుపై ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 సెప్టెంబరు 1న సందేహం వెలిబుచ్చి, విస్తృత ధర్మాసనం పరిశీలించాలని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. నివేదించినంత మాత్రాన పాత తీర్పు రద్దు కాదు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోవాలి. బోర్డు మీద ‘సెయింట్’ అని రాసి ఉన్నవన్నీ మైనారిటీ బడులు కావు. ఇంగ్లీషు చదువుకు ఆ పేరైతే గిరాకీ అని పెట్టుకున్న వ్యాపారులు కొల్లలు. మైనారిటీ హోదా లేని ప్రైవేటు బడి ఒకటో తరగతిలో 25 శాతం సీట్ల నిబంధన నుంచి తప్పించుకోలేదు. హోదా ఉన్నదీ లేనిదీ మండల విద్యాధికారి కార్యాలయంలో రాతపూర్వకంగా అడగాలి.